ఆకతాయి కాల్స్ మూడు

లంబాసా నది ఒడ్డునున్న వైనిలోవు పేటలో ఆ శనివారం ఉదయం హాలు నిండిపోయింది. విపత్తు సహాయ కార్యాలయం నుంచి వచ్చిన అపెనీసా ఫోన్ పైకెత్తి అందరికీ కొత్త యాప్ చూపిస్తున్నాడు.

"ఈ ఎర్ర గుర్తు నొక్కండి. వెంటనే మా ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది. ఎక్కడున్నారో, ఏమైందో చెప్పండి. పడవ మీ గుమ్మం ముందుంటుంది. అంతే!"

జనం చప్పట్లు కొట్టారు. వెనక వరసలో తారాయివీని చెయ్యెత్తింది. ఆమె బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దర్జీ. పుట్టుకతోనే చెవుడు, అందువల్ల మాటా రాలేదు. బధిరుల బడిలో చదువు మాత్రం బాగా నేర్చుకుంది. ఆమె సైగలు చూసి పక్కింటి రుక్మిణ్ లేచింది.

"సార్, మా తారాకి వినపడదు. ఫోనొస్తే తనేం చెయ్యాలని అడుగుతోంది."

అపెనీసా చెడ్డవాడు కాదు. నవ్వుతూనే చెప్పాడు. "ఇంట్లో ఎవరో ఒకరుంటారు కదమ్మా, వాళ్ళు మాట్లాడతారు."

"ఇసికేలి అదృష్టవంతుడు సార్! పెళ్ళాం సణుగుడు లేని ఇల్లు ఈ పేటలో అదొక్కటే!" అని ఎవరో అరిచారు. హాలంతా నవ్వింది. తారాయివీని ఆ నోళ్ళన్నీ చూసి కూర్చుంది. ఆమె మొగుడు ఇసికేలి తల దించుకున్నాడు.

నవ్వినవాళ్ళలో దుర్మార్గులెవరూ లేరు. అక్కడుంటే మనమూ నవ్వేవాళ్ళమే.

ఫిబ్రవరిలో తుపాను వచ్చింది. ఆ ఉదయం ఇసికేలి నడిపే బస్సు వంతెన అవతల చిక్కుకుపోయింది. ఇంట్లో తారాయివీని, అత్త లోసలీని మాత్రమే ఉన్నారు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ముసలామెకు కాళ్ళూ ఒక చెయ్యీ మాటా పడిపోయాయి. పది గంటలకు నీళ్ళు గడప దాటాయి. మొగుడికి పంపిన మెసేజ్ వెళ్ళలేదు, అవతలి ఒడ్డున టవర్ కూలిపోయింది. రుక్మిణ్ అప్పటికే తలదాచుకోవడానికి బడికి చేరింది, ఆమె ఫోన్ సంచి అడుగునెక్కడో ఉంది.

తారాయివీని ఎర్ర గుర్తు నొక్కింది. ఫోన్ చేతిలో వణికింది. ఎత్తి, గొంతులో ఉన్న బలమంతా పెట్టి అరిచింది. తన అరుపు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. కాల్ తెగిపోయింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అరిచింది. మూడోసారీ కాల్ తెగాక తెర మీద అక్షరాలు వచ్చాయి. "అనవసర కాల్స్ కారణంగా మీ నంబరును ఒక గంట నిలిపివేశాము."

నీళ్ళు మోకాళ్ళకు వచ్చాయి. ఆమె ఇంకొక్క క్షణం కూడా ఫోన్ వైపు చూడలేదు. బట్టలు కత్తిరించే చెక్కబల్లను తిరగేసి, కాళ్ళు విరగ్గొట్టి, అత్తను దాని మీదికి లాగింది. యూనిఫారాల కోసం తెచ్చిన నీలం గుడ్డ చించి, పేలికలతో ముసలామెను బల్లకు కట్టింది. ఛాతీ లోతు నీళ్ళలో బల్లను తోసుకుంటూ చెరకు మోసే రైలు పట్టాల కట్ట వైపు నడిచింది. మూడు వందల గజాల దూరానికి దాదాపు గంట పట్టింది. కట్ట మీదున్న మగవాళ్ళు ఇద్దరినీ పైకి లాగారు.

లోసలీని నాలుగు రోజులు బతికింది. ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోయాయి. ఆఖరి రోజున, కదిలే ఆ ఒక్క చేత్తో కోడలి బుగ్గ నిమిరింది.

మూడు వారాల తర్వాత అదే హాల్లో సమీక్ష జరిగింది. అపెనీసా నివేదిక చదివాడు. "మొత్తం రెండొందల పన్నెండు కాల్స్. అన్నిటికీ జవాబిచ్చాం. ఒక్క నంబరు నుంచి మాత్రం మూడు ఆకతాయి కాల్స్ వచ్చాయి. ప్రాణనష్టం లేదు."

ఇసికేలి ఆ మాటలు సైగల్లో చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. తారాయివీని అతని చేతులు పట్టుకుని, చెప్పమన్నట్టు ఊపింది. చెప్పాడు. ఆమె లేచి నేరుగా వేదిక ఎక్కి నల్లబల్లపై సుద్దతో రాసింది.

"ఆ మూడూ నావే. మీరు నోరు తెరవకుండా నాకు పడవ తెప్పించండి."

"అది కాదమ్మా..." అన్నాడు అపెనీసా.

"మాట్లాడొద్దంది కదా సార్! నొక్కండి," అని రుక్మిణ్ గట్టిగా అరిచింది.

అతను నొక్కాడు. ఫోన్ మోగింది. ఎత్తాడు. ఇసికేలి స్పీకర్ పెట్టాడు. అపెనీసా పెదవులు బిగించుకుని నిలబడ్డాడు.

"హలో... హలో... ఎవరండీ?" అవతల ఓ అమ్మాయి గొంతు. వెనక ఇంకో గొంతు. "మళ్ళీ పిల్లవెధవలే. పెట్టెయ్యి." కాల్ తెగింది.

హాల్లో ఒక్కరూ నవ్వలేదు. అపెనీసా ఫోన్ జేబులో పెట్టాడు. "ఏం చెయ్యమంటావమ్మా?" అని అడిగాడు.

ఆమె రాసింది. "సోమవారం మీ ఆఫీసుకొస్తాను. కుర్చీ వెయ్యండి."

వెళ్ళింది. పై అధికారులు ఈ ఏడాది మార్పులు కుదరవన్నారు. మరుసటి సోమవారం తన బధిరుల బడి స్నేహితులు ముగ్గురితో వెళ్ళింది. వరండాలో కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతూ సాయంత్రం దాకా ఉన్నారు. ఆ పై సోమవారమూ అంతే. "మీరింక రానక్కర్లేదు, మేమే కబురు చేస్తాం," అన్నాడొక గుమాస్తా. ఆమె అతని చొక్కాకు ఊడిన గుండీ చూపించి, విప్పమని సైగ చేసి, కుట్టిచ్చి, మళ్ళీ కూర్చుంది. ఏడో సోమవారం యాప్ తయారుచేసే ఇంజనీరు వచ్చి వాళ్ళ ఎదురుగా కూర్చున్నాడు.

ఇప్పుడు ఆ యాప్‌లో బొమ్మలున్నాయి. నీళ్ళు, మంటలు, జబ్బుమనిషి. వాటిలో ఒకటి తాకి, ఎంతమంది ఉన్నారో వేళ్ళ బొమ్మ మీద చూపిస్తే చాలు, ఉన్న చోటు యాప్ దానంతటదే పంపుతుంది, ఫోన్ మాట్లాడనక్కర్లేదు. నంబరు నిలిపేసే పద్ధతిని తీసేశారు.

తుపానుల కాలం ముందు, ఫోన్ల దగ్గర కూర్చునే కొత్తవాళ్ళకు అపెనీసా శిక్షణ ఇచ్చాడు. పక్కన తారాయివీని ఉంది. ఆరోజు అతను నివేదికలేవీ చదవలేదు.

"నేను రెండొందల తొమ్మిది లెక్కపెట్టి గర్వపడ్డాను. ఒక తల్లి చావును ఆకతాయితనం కింద రాశాను," అన్నాడు. "మీరు ఆ తప్పు చెయ్యకండి. ఫోన్ ఎత్తాక అవతల మాట వినపడకపోతే పెట్టెయ్యకండి. అడగలేని మనిషే అందరికన్నా ఎక్కువ ఆపదలో ఉన్నాడనుకుని, ముందు అక్కడికే పడవ పంపండి."