పాటకి ముందు గొంతు

ఆశాజ్యోతి పాటల్లో ఊపిరి కూడా వినపడదు. రెండు లైన్ల మధ్య గాలి పీల్చుకున్న చప్పుడు సైతం సౌండ్ ఇంజనీర్ సత్యప్రసాద్ చేత కోయించేస్తుంది. సొంతంగా రాసుకుని, సొంతంగా బాణీ కట్టుకుని పాడే మనిషి. ఈ గోదావరి జిల్లాల్లో ఏ కాలేజీ ఫంక్షన్ అయినా ఆవిడ పాట లేకుండా ముగియదు. అంత పేరున్న మనిషికి ఆమాత్రం చాదస్తం ఉంటే తప్పేంటని అందరూ అంటారు. వాళ్లకేం, అంటారు. పక్కన గిటార్ వాయించే రమేష్ బాబుని నేను. ఆ చాదస్తం నా నెత్తి మీదే కూర్చునేది.

ఈ కొత్త ఆల్బమ్ పాప్ రాక్. అంటే డ్రమ్స్ గట్టిగా ఉండాలి, అంటే పల్లంరాజు ఉండాలి. వాడిది యానాం దగ్గర సముద్రం ఒడ్డున పల్లె. వేటకెళ్లే ఇంట్లో పుట్టి, వలకి బదులు డ్రమ్ కర్రలు పట్టుకున్నాడు. డ్రమ్మర్లందరూ పాట ఎత్తుకునే ముందు వన్, టూ, త్రీ, ఫోర్ అంటారు. వీడు మాత్రం వల లాగేటప్పుడు వాళ్ల నాన్న పెట్టే కేక పెట్టేవాడు.

"ఓ... ఐలేసా, ఐలేసా, లాగరా!"

ఆ చివరి అక్షరం మీద మేమందరం కలిసి ఎత్తుకునేవాళ్లం. ఒక్కసారీ తప్పలేదు. ఆశాజ్యోతికి కూడా ఆ కేక లేకపోతే గొంతు లేచేది కాదు. అయినా రికార్డింగ్ కాగానే మొట్టమొదట కోయించేది దాన్నే.

"వాడు ఇంటికి వెళ్లేదాకా అయినా ఆగక్కా," అనేవాణ్ణి.

పల్లంరాజు నవ్వేవాడు. "పోనీలే అన్నా. వల ఒడ్డుకొచ్చాక ఇంక కేకెందుకు?"

వాడు లేనప్పుడు ఆ కేక వాడి గొంతుతో నేను పెట్టి అందర్నీ నవ్వించేవాణ్ణి. అనుకరణ నాకు చిన్నప్పుడే పట్టుకున్న రోగం. మా లూథరన్ చర్చిలో పాస్టర్‌గారి గొంతు తీసి తన్నులు కూడా తిన్నాను.

మిక్సింగ్ అయిపోయింది. కంప్యూటర్ నిండిపోయిందని, ఇక అక్కర్లేని ముక్కలన్నీ చెరిపేయమంది ఆశాజ్యోతి. సత్యప్రసాద్ చెరిపేశాడు. ఆ వారంలోనే పల్లంరాజు యానాంలో తాగి, బండి మీద ఇంటికెళ్తూ వంతెన మీద లారీ కింద పడ్డాడు. ఫోన్ గోదాట్లో పడిపోయింది. మనిషిని మూటగట్టి తెచ్చారు. చూసినవాళ్లం చాలాకాలం సరిగ్గా అన్నం తినలేదు.

పెద్దకార్యం అయ్యాక వాళ్లమ్మ తలుపులమ్మ రాజమండ్రిలో మా స్టూడియోకి వచ్చింది. చేపల తట్ట మోసీ మోసీ మెడ వంగిపోయిన మనిషి. సోఫా చూపిస్తే కింద కూర్చుంది.

"సోది అడిగించానండి," అంది. "పోయినోళ్లందరూ ఆ సోదమ్మ నోట పలికారండి. మావోడు పలకలేదు. పాటల్లో ఉంటాడని మా కూతురు బేబీ చెప్పిందండి. ఒక్కసారి ఆడి గొంతు వినిపించండమ్మా."

సత్యప్రసాద్ ఆల్బమ్‌లో అన్నిటికంటే మంచి పాట పెట్టాడు. ఆవిడ స్పీకర్ పక్కకి జరిగి కూర్చుంది. డ్రమ్స్‌కి గది అదిరిపోయింది. పాట అయిపోయింది.

"ఈ వాయించిందంతా మీ అబ్బాయేనండి," అంది ఆశాజ్యోతి.

"చేతులు సరేనండి. గొంతేదండి?"

సత్యప్రసాద్ కంప్యూటర్‌లో ఏదో వెతుకుతున్నట్టు నటించాడు. ఆశాజ్యోతి ముఖం పాలిపోయింది. నాకు ఆవిడ మీద పట్టరాని కోపం వచ్చింది. జాలి కూడా వేసింది. రేపు రండి, తీసి ఉంచుతాం అని ముసలావిణ్ణి పంపించి, నా వైపు తిరిగింది.

"నువ్వు పెట్టు ఆ కేక."

"అక్కా, ఆవిడ తల్లి."

"తల్లి కాబట్టే అడుగుతున్నాను. ఏమీ లేకుండా ఎలా పంపిస్తాం?"

పెట్టాను. జన్మలో ఎవరి గొంతూ అంత బాగా తీయలేదు. సత్యప్రసాద్ దానికి వెనక కాస్త డ్రమ్ చప్పుడు తగిలించాడు. విని ఆశాజ్యోతి ఏడ్చింది.

మర్నాడు తలుపులమ్మ మాకోసం ఉప్పుచేపల పొట్లం పట్టుకుని వచ్చింది. కేక వింది. మళ్లీ పెట్టమంది. మళ్లీ వింది. అప్పుడు తలెత్తి నా వైపు చూసింది.

"మీరే కదండి, బాబూ."

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "క్షమించమ్మా. వాడి గొంతు చెరిపేశాం. ఇంక మా దగ్గర లేదు."

"ఇంకెక్కడా లేదన్నమాట."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆవిడ ఉప్పుచేపల పొట్లం నా ముందుకి జరిపింది.

"బాగానే వచ్చిందండి," అంది. "ఆడు ఇంటికొస్తా గుమ్మంలోంచే అరిచేవోడండి. అమ్మే, ఆకలేత్తంది, కూడెట్టవే అని. అదొక్కటి అనండి."

"నా వల్ల కాదమ్మా."

"అనండి బాబూ."

వద్దన్నట్టు ఆశాజ్యోతి తల అడ్డంగా ఊపుతోంది. నేను కళ్లు మూసుకున్నాను.

"అమ్మే, ఆకలేత్తంది, కూడెట్టవే."

"చేతులు కడుక్కురారా, కూడెడతాను," అంది తలుపులమ్మ. లేచి, చెంగు నడుముకి దోపుకుంది.

ఆశాజ్యోతి తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయింది. ముసలావిడ నా వైపే చూస్తూ నిలబడింది. నేను చేతులు కడుక్కోవడానికి వెళ్లాను.