వెనకనుంచి కనబడే కారు

మావారు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తారు. ఊళ్ళో సగం మందికి చూపు సరిచేసిన మనిషి. సాయంత్రం ఇంటికొచ్చి, చొక్కా అయినా మార్చుకోకుండా టీవీ ముందు కూర్చుని, వీడియో గేములో ఉన్న ఊరంతా కారేసుకుని తిరుగుతారు. ఆ ఊళ్ళో వంతెనలున్నాయి, రేవుంది, ఆసుపత్రి మాత్రం లేదు. అవసరం లేదు మరి. స్తంభాన్ని గుద్దితే స్తంభమే పడిపోతుంది. కారు నదిలో పడితే బటన్ నొక్కగానే కడిగిన ముత్యంలా రోడ్డెక్కుతుంది. పోలీసులు తరుముతారు గాని, దొరికినా చీవాట్లు కూడా పెట్టరు. నలభై మూడేళ్ళ మనిషిని కుర్చీలోంచి లేవకుండానే మహావీరుణ్ణి చేసే ఉపాయం అది.

పోనీ ఆ కారులో కూర్చుంటారా అంటే అదీ లేదు. దాని వెనకాల, పదడుగుల ఎత్తున, గాలిపటంలా తేలుతూ నడుపుతారు. ఎడమకి తిప్పాలంటే ఒళ్ళంతా ఎడమకి వాలుస్తారు. పక్క కుర్చీలో మోకాళ్ళు పట్టుకుని కూర్చున్న మా అత్తగారూ వాలతారు.

"మెల్లగారా! ఎవర్నో గుద్దేశావు."

"వాళ్ళే లేస్తారులే అమ్మా."

"అలాగే మా అక్క ఇంటికి కూడా పోనీ, చూసి రెండేళ్ళయింది."

అత్తగారు బస్సు మెట్టెక్కలేరు. వాళ్ళక్కగారిల్లు ఊరికి ఆ చివర. మా ఆడపడుచు తన పాత కారు తెచ్చి మా గుమ్మంలో పెట్టింది. "వచ్చే నెలాఖరుకి మీలో ఒకరికి లైసెన్సు రావాలి, లేకపోతే మా మరిది పట్టుకుపోతాడు" అంది.

లెర్నర్స్ కాగితం ఇద్దరం తీసుకున్నాం. డ్రైవింగ్ స్కూల్లో మాత్రం ఆయనే చేరారు. రెండు రోజులు వెళ్ళి మానేశారు.

"నాకు క్లచ్ గురించి చెప్తాడేమిటి వాడు! రోజుకి వంద కిలోమీటర్లు నడుపుతుంటే!"

మిగిలిన పద్దెనిమిది క్లాసులూ పాడవడం ఎందుకని నేను వెళ్ళాను, కూరగాయల సంచీ పట్టుకుని. కూరల కోసం గంటసేపు ఎటు పోతున్నావని ఇంట్లో ఒక్కరూ అడగలేదు. వీధిలోంచి కారేసుకుని రెండుసార్లు మావారి దుకాణం ముందు నుంచే వెళ్ళాను. ఆయన ఎవరి కళ్ళలోకో చూస్తున్నారు.

పరీక్షరోజు లైన్లో ఆయన వెనకే నిలబడ్డాను.

"నువ్వెందుకు ఇక్కడ?"

"మీకు తోడుగా."

ముందుకి పోనిమ్మంటే బాగానే పోనిచ్చారు. తరవాత ఇన్‌స్పెక్టరు నాలుగు కర్రలు చూపించి, వాటి మధ్యకి వెనక్కి పెట్టమన్నాడు. మావారు అద్దం వంక చూడలేదు, మెడా తిప్పలేదు. ఎదురుగా గాజులోకి చూస్తూ, మెడ సాచి, ఒళ్ళు కుడివైపుకి వాల్చారు. ఒక కర్ర పడింది. ఇంకాస్త వాలారు. రెండోదీ పడింది. అవి లేవలేదు.

"ఏం చూస్తున్నారు సార్?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నా కారు నాకు కనబడటం లేదండీ!"

"లోపల కూర్చున్నారు కదా, అందుకని."

లైన్లో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, ఆ తరవాత పిలుపు నాదే. నా కర్రలు నాలుగూ నిలబడే ఉన్నాయి.

ఆయన ఇంటికొచ్చాక, "అక్కడి కారు సీటు బాగాలేదు" అన్నారు.

నెలాఖరుకి రెండు రోజుల ముందు లైసెన్సు చేతికొచ్చింది. ఆదివారం అత్తగారిని ముందు సీట్లో, మావారిని వెనక సీట్లో కూర్చోబెట్టి బయల్దేరాను.

"ఆ ఫుట్‌పాత్ మీంచి ఎక్కిస్తే అయిదు నిమిషాలు కలిసొస్తుంది" అన్నారు వెనకనుంచి.

"నోరు మూసుకో. ఇక్కడి మనుషులు లేవరు" అన్నారు అత్తగారు.

నా కడుపు నిండిపోయింది. మూడో సిగ్నల్ దగ్గర ఆగాం. ముందు ఇరవై బళ్ళు. అత్తగారు కొంగుతో విసురుకున్నారు.

"ఎందుకాగావే?"

"ఎర్ర లైటు అత్తయ్యా."

"ఇందాకా ఆగావుగా?"

"అది వేరే లైటు."

ఆవిడ పెద్దగా నిట్టూర్చి, వెనక్కి తిరిగి కొడుకు వంక ఆప్యాయంగా చూశారు.

"నీ టీవీలో ఊరే నయంరా. ఈపాటికి మా అక్క ఇంట్లో ఉండేదాన్ని."