సవతి పిల్లి

క్లైడ్ మొదటి భార్య రోజలీ పోయిన మూడేళ్ళకు నడీన్ ఆ ఇంటికి రెండో భార్యగా వచ్చింది. రోజలీ బట్టలు అప్పటికే చర్చికి ఇచ్చేశారు. ఫొటోలు అటక ఎక్కాయి. మిగిలింది ఆమె పెంచిన టాఫీ ఒక్కటే, తేనెరంగు ఆడపిల్లి.

క్లైడ్ కాగితం మిల్లు నుంచి వచ్చి బూట్లు విప్పకముందే టాఫీ అతని ఒళ్ళోకి ఎక్కేది. "ఏమ్మా బంగారం, ఇవాళ ఎన్ని పిట్టల్ని బెదిరించావు?" అంటూ గంటసేపు ముచ్చట్లాడేవాడు. నడీన్ రోజెలా గడిచిందో అడగడం మాత్రం గుర్తుండేది కాదు. ఒకరోజు ఆమె వంటగదిలో బంగాళాదుంపల చెక్కు తీస్తుంటే హాల్లోంచి అతని గొంతు వినిపించింది. "నీకూ గుర్తొస్తూ ఉంటుందా, ఆవిడ?"

నడీన్‌లో అసూయ మంట రేగింది. చచ్చిన సవతితో పోట్లాడలేం. పిల్లితో పోట్లాడితే లోకం నవ్వుతుంది.

శరదృతువులో టాఫీ కొత్త సోఫాను గీరి పోగులు పెట్టింది. ఆమెకు సాకు దొరికింది. క్లైడ్ తమ్ముడితో కలిసి మిషిగన్‌కు చేపలవేటకు వెళ్ళిన వారంలోనే పిల్లిని బుట్టలో పెట్టి, గోళ్ళు తీయించడానికి పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

"గోరొక్కటే కాదండీ, వేలి చివరి ఎముక కణుపు దాకా తీసేస్తారు. ఒకసారి ఈ కాగితం చదువుకుని సంతకం పెట్టండి," అంది అక్కడి అమ్మాయి.

నడీన్ ప్రతి అక్షరం చదివింది. చదివి సంతకం పెట్టింది.

క్లైడ్ తిరిగొచ్చేసరికి టాఫీ బల్ల కింద ముడుచుకుని ఉంది.

"ఏమైంది దీనికి?"

"గోళ్ళు తీయించాను. సోఫా చూశావుగా."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెబితే ఒప్పుకునేవాడివా?"

అతను మోకాళ్ళ మీద కూర్చుని బల్ల కిందికి చెయ్యి చాపాడు.

నెల దాటినా టాఫీ కాలుతున్న పెనం మీద నడిచినట్టే నడిచేది. దొడ్డికి పెట్టే తొట్టెలోని గరుకు ఇసుక పాదాలకు గుచ్చుకుంటుంటే బయటికి దూకి దుప్పట్ల మీద పోసేది. ఒకరోజు క్లైడ్ పాదం పట్టుకుని చూడబోతే అతని బొటనవేలు కసుక్కున కొరికింది. నడీన్ ఆ వేలికి కట్టు కడుతూ లోలోపల పండగ చేసుకుంది.

"కరిచే పిల్లిని ఇంట్లో ఎలా పెట్టుకుంటాం? ఎవరికైనా ఇచ్చేద్దాం, క్లైడ్."

"దానికెక్కడో నొప్పిగా ఉండుంటుంది. పాపం, ఎవరికి చెప్పుకుంటుంది?" అంటూ అతను కట్టుకట్టిన చేత్తోనే బల్ల కింద పిల్లి పక్కన పడుకున్నాడు.

కరిచిన దాన్ని అంత తొందరగా క్షమించాడు! కూర కాస్త మాడితే తనతో రెండు రోజులు ముభావంగా ఉండే మనిషి!

జనవరిలో టాఫీ ముందరి కుడి పాదం వాచింది. ఈసారి క్లైడే తీసుకెళ్తానన్నాడు. ఒంటరిగా పంపడానికి మనసొప్పక నడీన్ కూడా వెళ్ళింది. వేరే ఆస్పత్రి, పెద్దవయసు డాక్టరమ్మ. ఎక్స్‌రే చూపిస్తూ, "ఇదిగో, ఎముక ముక్క లోపలే ఉండిపోయింది. దాన్నుంచి గోరు చర్మం కిందే వంకరగా పెరుగుతోంది. చీము పట్టింది," అంది.

"గోళ్ళు మాత్రమే తీశారనుకున్నాను," అన్నాడు క్లైడ్.

"కాదు నాయనా. మన చేతికైతే ఇక్కడి దాకా." ఆవిడ అతని వేలి చివరి కణుపు మీద గీత గీసింది. "ముందుకాళ్ళ పది వేళ్ళకీ."

క్లైడ్ తన వేళ్ళవంక చాలాసేపు చూసుకున్నాడు. కారెక్కాక అడిగాడు.

"నీకు తెలుసా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. వెనకసీట్లో బుట్టలోంచి సన్నటి మూలుగు.

"తెలుసు. కాగితంలో రాసుంది."

"మరెందుకు?"

"అది ఆవిడ పిల్లి కాబట్టి. దాంతో మాట్లాడినట్టు నువ్వు నాతో ఒక్కరోజు మాట్లాడలేదు కాబట్టి!"

క్లైడ్ కారు తాళం తిప్పలేదు. అద్దాల మీద మంచు పేరుకుంటోంది.

"నాతో చెప్పాల్సింది, నడీన్. నన్ను తిట్టాల్సింది. దాని వేళ్ళేం చేశాయి?"

రెండో ఆపరేషన్‌తో చీము తగ్గింది, కుంటు మాత్రం మిగిలింది. క్లైడ్ ఇల్లు విడిచి పోలేదు, నడీన్‌ను పొమ్మననూ లేదు. కానీ వసంతం వచ్చేదాకా పక్కగదిలోనే పడుకున్నాడు. నడీన్ తొట్టెలో ఇసుక తీసేసి, పాత వార్తాపత్రికలు మెత్తగా చింపి రోజూ పోస్తోంది. ఆ పని చేయమని ఎవరూ చెప్పలేదు.

టాఫీ ఆమె దగ్గరికి ఒక్కసారీ రాలేదు. క్లైడ్ పిలిస్తే మాత్రం ఇప్పటికీ కుంటుకుంటూ వెళుతుంది. అది చూసినప్పుడల్లా నడీన్ గుండెలో ఆ పాత మంట భగ్గుమంటుంది. ఆమె తల దించుకుని కాగితాలు చింపుతూ కూర్చుంటుంది.