గొంతు తగ్గించి చెప్పిన మాట

మా అమ్మాయి తయారుచేసిన కంప్యూటర్ ఆటను మొదటిసారి చూసినప్పుడు నేను ముఖం తిప్పుకున్నాను.

కొండ మీద మూతబడిన ఒక లాడ్జి. అందులో ఒక పిల్ల చిక్కుకుపోయి ఉంటుంది. కరెంటు లేదు, మనుషులు లేరు. ఆకలేస్తే ఆ పిల్ల బల్లిని కాల్చుకుని తింటుంది. దాహమేస్తే తొట్టిలో పాచిపట్టిన నీళ్ళను చున్నీలో వడకట్టుకుని తాగుతుంది. బురదలో నడుస్తుంటే పచక్ పచక్‌మని శబ్దం వస్తుంది. ఆ శబ్దం కోసం మా శ్రుతి, దానితోపాటు బెంగళూరు ఉద్యోగం మానేసి వచ్చిన శరత్ బాబు గదిలో టార్పాలిన్ పట్ట పరిచి, కుళ్ళిన టమాటాలు పోసి, వాటి మీద నడిచారట. నేను మదనపల్లె మార్కెట్ యార్డులో టమాటాలు ఏరే పనికి పోతాను. సాయంత్రం ఇంటికొచ్చి ఎంత సబ్బు రుద్దినా వేళ్ళ సందుల్లో ఆ వాసన పోదు. ఆ వాసన ఇప్పుడు కుప్పం స్టేషన్ రోడ్డులో, గ్రానైట్ పలకల షాపు పైనున్న వీళ్ళ ఆఫీసు గదిలో ఉంది. శ్రుతికి తెచ్చిన అన్నం క్యారియర్ మూత తీయడానికి కూడా నాకు మనసు రాలేదు.

"ఛీ, ఏం ఆటమే ఇది? బల్లిని తినేదేంది?" అన్నాను.

"సర్వైవల్ గేమ్ మా. బతకాలంటే ఏదో ఒకటి తినాల కదా."

"బతికేదానికి బెంగళూరులో జీతమిస్తాండిరి. ఆడ నిన్ను బల్లులు తినమన్న్యారా?"

శరత్ బాబు నవ్వాడు. "ఆడి క్యాంటీన్ మీరు సూల్లేదాంటీ. బల్లే మేలు."

ఆట ఇంకా పూర్తి కాలేదు. చాలా భాగాల కథలో మొదటి భాగమే తయారైంది. అయినా అమ్మకానికి పెట్టేశారు. దీన్ని ఎర్లీ యాక్సెస్ అంటారట. కొన్నవాళ్ళు ఆడి ఏది బాగుందో, ఏది బాగాలేదో రాస్తే, అది చూసుకుని వీళ్ళు మిగతాది చేస్తారట. సగం ఉడికిన అన్నం పంక్తిలో వడ్డించి, ఇంకా ఎంత ఉడకాలో మీరే చెప్పండని తినేవాళ్ళను అడిగినట్టు.

నేను ఆ మాట అనబోతుండగా ఆటలో పిల్ల చేతిలోని ఫోను మోగింది. అందులోంచి నా గొంతు వినిపించింది.

"శ్రుతీ, యాడుండావ్? రైలెక్కినావా? తలుపు కాడ నిలబడొద్దు. మొన్న ఒక పిల్ల జారి పడిపోయిందంట..."

అది నేను రెండేళ్ళ కిందట వాట్సాప్‌లో పంపిన మెసేజీ. నేను ఏడో తరగతి వరకే చదివాను. అక్షరం అక్షరం వెతుక్కుని కొట్టాలంటే బస్సు పోతుంది. అందుకే మైకు బొమ్మ నొక్కి పట్టుకుని మాట్లాడేస్తాను. శ్రుతి డిగ్రీ చదివే రోజుల నుంచి అంతే. వర్షమొస్తే కరెంటు స్తంభం, ఎండొస్తే వడదెబ్బ, ఏమీ రాకపోతే గ్యాసు. నా భయాలన్నీ దాని ఫోనులోనే ఉన్నాయి.

"నన్ను అడిగినావా?" అన్నాను.

"ఆటలో ఉండిపోయేటివి కావు మా ఇవి. బెంగళూరులో ఒకామెను మాట్లాడుకున్నాం, అమ్మ గొంతు ఆమెదే. ఆమె రికార్డింగ్ ఇంకా కాలే. అంతవరకు ఖాళీగా ఉండకూడదని నీ మెసేజీలన్నీ ఒక్కసారిగా తెచ్చి పడేసినాం. వచ్చే అప్‌డేట్‌లో తీసేస్తాం."

ఆటలో ఆ పిల్ల ఫోనుకు చార్జింగు కొంచెమే ఉంటుందట. అమ్మ మెసేజీ విన్నప్పుడల్లా చార్జింగు తగ్గుతుంది. అది అయిపోతే టార్చి వెలగదు. ఆ లాడ్జిలో ఏం జరిగిందో అమ్మ మాటల్లోనే ఎక్కడో ఉంటుంది కాబట్టి, ఏ మెసేజీ వినాలో ఏది వదిలేయాలో ఆడేవాళ్ళే తేల్చుకోవాలి. శరత్ బాబు నన్ను శాంతపరచాలని వాళ్ళు రాసినవి చదివాడు.

"ఇనండాంటీ. 'ఈ అమ్మ నోరు మూసే బటన్ ఒకటి పెట్టండి' అని ఒకాయప్ప. 'మా అమ్మ కూడా ఇంతే, ఆట ఆపేసి ఫోన్ చేశాను' అని ఇంకొకాయప్ప."

"ఊరూపేరూ తెలీనోళ్ళంతా నా నోరు మూసేదానికి దుడ్లిచ్చి కొన్న్యారా దీన్ని?" అన్నాను. ఆ గదిలో ఇంకొక్క నిమిషం ఉండబుద్ధి కాలేదు.

చెప్పులు వేసుకుంటుంటే పుంగనూరు నుంచి మా ఆయన కదిరప్ప ఫోన్ చేశాడు. ఆయన ఒక ప్రైవేటు స్కూల్లో అటెండరు. ఆ వేళప్పుడు చేశాడంటే ఏదో జరిగిందనే అనుకున్నాను.

"ఏమి మే, ఆ ఆటలో ఏం మాట్లాడినావు నువ్వు? మన వీధి పిలకాయలు ఆడినారంట. భీమరావు సారు పేరు వచ్చిందంట అందులో. ఆయప్ప కిందికి దిగొచ్చి అరస్తాండాడు. ఉన్నపళంగా రా."

భీమరావు మా ఇంటి ఓనరు. మేము కింద, ఆయనా భార్య మాలతమ్మా పైన. రిటైరైన లెక్కల టీచరు. మిద్దె మీద రేకుల షెడ్డులో ట్యూషన్ చెబుతాడు. పుంగనూరులో ఆయనను సారు అని తప్ప ఎవరూ పిలవరు.

శ్రుతి మెసేజీలన్నీ ఒక్కొక్కటే తెరిచి వెతికింది. దొరికింది. పాల గిన్నె మీద మూత పెట్టమని మొదలై, గ్యాసు కట్టేయమని చెప్పి, ఆ తర్వాత నా గొంతు ఇలా అంటోంది: "ఇంకొకటి. నేనొచ్చేదానికి పొద్దుపోతాది. కరెంటు పోయినా సరే, భయమేసినా సరే, భీమరావు సారు ఇంటికి మాత్రం పోవద్దు. మాలతమ్మ ఉంటేనే పో. ఆమె లేకుంటే పోవద్దు. ఇన్న్యావా?"

శ్రుతి ముఖం వాడిపోయింది. "ఇది నేను ఇనలేదు మా."

"పంపించి ఎన్నాళ్ళయింది?"

"డిగ్రీలో ఉండంగా. గ్యాసు అనేవరకు ఇంటాను. తర్వాత ఏముంటాదో తెలిసిందే కదా అని..."

అంటే నేను ఇన్నేళ్ళు నోరు ఎండిపోయేలా చెప్పిందంతా సగంలో ఆగిపోయింది. అవే మాటలను అది వినకుండానే మూటగట్టి బజారులో పెట్టింది. బల్లి తినడం కంటే ఇదే నాకు ఎక్కువ రోత పుట్టించింది.

శరత్ బాబు ఆ పేరు వచ్చే ముక్కను అప్పటికప్పుడు తీసేస్తానన్నాడు. నేనూ శ్రుతీ పలమనేరు మీదుగా పోయే బస్సెక్కాము. వి.కోట దాటాక అది ఫోను నా ముందు పెట్టింది. ఆడినవాళ్ళలో ఎవరో రాసింది మెల్లగా చదివి వినిపించింది.

"'ఈ అమ్మ అన్నిటికీ అరుస్తుంది. రైలుకు, పాముకు, గ్యాసుకు. ఈ ఒక్క మెసేజీలో మాత్రం గొంతు తగ్గించింది. గోడ అవతల ఎవరో వింటారన్నట్టు. అసలు క్లూ ఇదే.' సానామంది అవునంటాండారు మా." ఫోను ఒళ్ళో పెట్టుకుని అడిగింది. "నిజమేనా?"

ముఖం తెలియని మనిషి ఒకసారి విని పట్టుకున్నాడు. నా కడుపున పుట్టినది ఇప్పుడు అడుగుతోంది.

"నువ్వు తొమ్మిదో క్లాసులో ఉండంగా ట్యూషన్ మాన్పిస్తి కదా."

"ఇంట్లో పనికి ఆసరా కావాలంటివి. లెక్కలంటే నాకు ప్రాణం. ఎన్ని దినాలు నీతో మాట్లాడలేదో."

"మిద్దె మీద మిరపకాయలు ఎత్తుకుందామని పోయినాను. షెడ్డు కిటికీలోంచి కనబడింది. ఒక పాప డౌటు అడిగేదానికి ఆయప్ప కుర్చీ పక్కన నిలబడుండాది. ఆయప్ప ఒక చేత్తో లెక్క చేస్తాండాడు. ఇంకో చెయ్యి ఆ పాప గౌను కింద ఉండాది. పాప కదల్లేదు, మెదల్లేదు. సూదేసేటప్పుడు బిగదీసుకుంటారే, అట్ల నిలబడుండాది. నేను చాట కిందేసి గట్టిగా కేకేసినాను. ఆ పొద్దే పాప వాళ్ళమ్మకు సెప్పినాను. వాళ్ళు ఎవరికీ సెప్పకుండా మదనపల్లెకు ఎళ్ళిపోయినారు. మీ నాయనకు సెప్పినాను. పరువు గల మనిషి, ఎవరు నమ్ముతారు, ఇల్లు ఖాళీ చెయ్యమంటే యాడికి పోతాం అన్న్యాడు."

అప్పటినుంచి ఇంట్లో ఉన్న రోజు ట్యూషన్ వేళకు నేను మిద్దె ఎక్కకుండా ఉండలేదు. ఆరిన బట్టలనే మళ్ళీ తడిపి ఆరేశాను. మునిలక్ష్మికి మిద్దె పిచ్చి అని వీధిలో నవ్వుకున్నారు. నేను మార్కెట్‌కు పోయిన రోజుల్లో ఏం జరిగి ఉంటుందో తలచుకుంటే ఏరుతున్న టమాటా చేతిలోనే నలిగిపోయేది.

శ్రుతి నా చెయ్యి పట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది. పుంగనూరు వచ్చేవరకు వదల్లేదు.

ఇంటికొచ్చేసరికి పిల్లలు ట్యూషన్‌కు మెట్లెక్కుతున్నారు. భీమరావు మా ఇంట్లో, మా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య మాలతమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. మా ఆయన గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్నాడు.

"రా మునిలక్ష్మమ్మా," అన్నాడు భీమరావు, మా ఇంటికి నేనే చుట్టమైనట్టు. "పిల్లలు తెలీక చేసినారు. నేను పెద్దది చెయ్యదల్చుకోలేదు. నీకు వాయిస్ పంపేది బాగా అలవాటంట కదా. వీధి గ్రూపులో ఒక ముక్క సెప్పు సాలు. అది ఆట కోసం చేసిన యాక్టింగ్, సారు మాకు దేవుడు లాంటోడు అని. లేదంటే స్టేషన్‌కు పోవాల్సొస్తాది. పాప చేసే పని ఆగిపోతాది. ఇల్లు కూడా సూసుకోవాల మీరు."

"ఒక్క ముక్క సెప్పేయి మే," అన్నాడు మా ఆయన. "నోటి మాటే కదా."

పోలీసులొచ్చి శ్రుతిని జీపెక్కించినట్టు, సామాన్లు వీధిలో పడ్డట్టు, మా ఆయన ఉద్యోగం పోయినట్టు అన్నీ ఒకదాని వెంట ఒకటి కళ్ళ ముందుకొచ్చాయి. భయపడటం నాకు కొత్త కాదు. ఫోను చేతిలోకి తీసుకున్నాను.

భీమరావు సంతోషించాడు. లేచి శ్రుతి దగ్గరికి పోయి దాని వీపు మీద చెయ్యి వేశాడు. "బంగారం లాంటి పిల్ల. లెక్కల్లో ఎంత చురుకో. మీ అమ్మే మాన్పించి పాడు చేసింది."

గోళ్ళు చక్కగా కత్తిరించుకున్న చెయ్యి. ఉంగరం. బొటనవేలికి నస్యం మరక. ఆ చెయ్యి వీపు మీద నెమ్మదిగా కిందికి జరిగింది. మా శ్రుతి, ఇరవై నాలుగేళ్ళది, నాతో అంత వాదించేది, బిగదీసుకుని నిలబడిపోయింది.

యాక్టింగ్ అని నేను ఒక్క మాట అంటే, రేపు ఈ వీధి తల్లులంతా నా మాట పట్టుకుని బిడ్డలను నిశ్చింతగా ఆ షెడ్డుకు పంపిస్తారు.

"చెయ్యి తియ్యి," అన్నాను.

ఆయన తీశాడు. నేను వీధి గ్రూపు తెరిచి మైకు నొక్కి పట్టుకున్నాను. నా గొంతు మా ఇల్లు దాటి ఎదురింటికి వినబడేంత పెద్దగా వచ్చింది.

"నేను మునిలక్ష్మిని మాట్లాడతాండాను. ఆటలో ఇనబడేది నా గొంతే. అది యాక్టింగ్ కాదు. మా పాపకు నేను సెప్పుకున్న జాగర్త. మీ ఆడబిడ్డల్ని ఈ ట్యూషన్‌కు పంపొద్దండి. ఈయప్ప చెయ్యి యాడుండిందో నేను కండ్లారా సూసినాను."

వేలు తీస్తే మెసేజీ పోతుంది. తీశాను.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా?" భీమరావు గొంతు చీలిపోయింది. "ఏం ప్రూఫ్ ఉండాది నీ కాడ? కదిరప్పా, సూస్తాండావా, నీ పెండ్లాం..."

మా ఆయన నేల చూపులు చూశాడు. అంతలో గడప దగ్గరి నుంచి మాలతమ్మ కదిలింది. మొగుణ్ణి చూడలేదు, నన్నూ చూడలేదు. ఒక్కో మెట్టూ పట్టుకుని పైకి ఎక్కింది. కాసేపటికి ఆమె గొంతు కిందికి వినిపించింది.

"ఈ పొద్దు లేదు. రేపు కూడా లేదు. అందరూ సంచులు తీసుకుని ఇండ్లకు పొండి. పొండమ్మా, పొండి."

చెప్పుల చప్పుడుతో పిల్లలు బిలబిలా దిగిపోయారు. లెక్కల పరీక్ష లేకుండా పోయిందని ఒక పాప ఎగిరి గంతేసింది. భీమరావు వాళ్ళందరూ పోయేదాకా ఆగి, తల వంచుకుని మా గడప దాటాడు. తెల్లారేలోగా ఇల్లు ఖాళీ చేయాలని అన్నాడు గానీ, పైకి మాత్రం పోలేదు. వీధిలోకి నడిచిపోయాడు.

ఆ మనిషి కూర్చున్న కుర్చీని వాకిట్లోకి లాగి, సర్ఫు వేసి, కొబ్బరి పీచుతో రుద్దడం మొదలుపెట్టాను. శ్రుతి ఎప్పుడొచ్చి పక్కన కూర్చుందో, తనూ ఒక పీచు తీసుకుని కుర్చీ వీపు భాగం రుద్దుతోంది. మా ఆయన బకెట్టుతో నీళ్ళు తెచ్చి పోశాడు. కాసేపు చూసి,

"ప్లాస్టిక్ కుర్చీ మే. ఏదీ పట్టదు దానికి. సాలు ఇంక," అన్నాడు.

ఇంకో బకెట్టు తెమ్మన్నాను.