పాంటు మడతలో ఇసుక

కొడుకు పాంటు ఉతకబోతే మడతలోంచి ఇసుక రాలింది. ఇంకో కాలంలో అయితే ఏ తల్లయినా దులిపేసి సబ్బు రాస్తుంది. కానీ అవి వయసొచ్చిన పిల్లలు చెప్పాపెట్టకుండా నక్సలైట్లలో కలిసి అడవిబాట పడుతున్న రోజులు. తంగళ్ళపల్లి ఎల్లవ్వ ఆ ఇసుకను అరచేతిలో పట్టుకుని అక్కడే కూలబడింది.

ఆమె ఒక్కగానొక్క కొడుకు రాజేశం వాగవతలి సిరిసిల్లలో డిగ్రీ చదువుతున్నాడు. పగలంతా కాలేజీ. సాయంత్రమైతే తండ్రి భూమయ్యతో పాటు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పని. తీరిక అన్న మాటే ఎరగడు. అలాంటివాడు కొన్నాళ్ళుగా తెల్లవారకముందే లేచి పోతున్నాడు. బస్సెక్కడం మానేశాడు. అడిగితే "కాలేజీకే పోతున్ననే అవ్వ" అంటాడు తప్ప మరో మాట చెప్పడు.

దానికి తోడు, కలిసి బీడీలు చుడుతూ పక్కింటి మొగిలవ్వ పుండు మీద కారం చల్లింది. "మా అక్క కొడుకు సుత గిట్లనే పొద్దుగాల నడుసుడు మొదలువెట్టిండు. కాళ్ళు గట్టివడాలన్నడు. ఒకనాడు పోయిండు, మళ్ళ రాలె."

ఎల్లవ్వ చేతిలో తునికాకు చిరిగిపోయింది.

మర్నాడు వెలుగు వచ్చీరాకముందే రాజేశం సంచి భుజాన వేసుకుని బయల్దేరితే, ఆమె కొంగు నెత్తిన కప్పుకుని వెనకాలే నడిచింది. వాడు రోడ్డు పట్టలేదు, ఎండిన మానేరు వాగులోకి దిగాడు. చెప్పులు తీసి సంచిలో పెట్టుకున్నాడు. ఇక అవతలి గట్టు నుంచి ఎవరో సైగ చేస్తారని ఆమె గట్టు మీదే ఆగి చూసింది. ఎవరూ రాలేదు. వాడు ఇసుకలో పరుగందుకున్నాడు. చాలా దూరం పోయి, మళ్ళీ వెనక్కి వస్తూ తల్లిని చూసి ఆగిపోయాడు.

"ఎవల్ను కలువవోతున్నవ్ కొడుకా? నిజం చెప్పు, నా మీద ఒట్టు."

"ఎవల్ను లేదే. ఉరుకుతున్న, గంతే. గీడికెల్లి నడుసుకుంట కాలేజీకి పోత."

"ఉరికేటోనివి ఇంట్ల చెప్పద్దా? రోడ్డు మీద ఉరుకద్దా?"

"చెప్తే నువ్వు బుగులువడ్తవ్. రోడ్డు మీద ఉరికితే పోలీసోళ్ళు జీపు ఆపి అడుగుతరు." వాడు కాళ్ళకంటిన ఇసుక దులుపుకున్నాడు. "మొన్న కాలేజీల మెట్లెక్కుతుంటే దమ్మొచ్చిందే అవ్వ. నడుమల ఆగిన. అచ్చం నాయిన ఆగినట్టే."

ఏళ్ళ తరబడి నూలు దుమ్ము మింగిన భూమయ్య, గడప ఎక్కేముందు గోడ పట్టుకుని నిలబడటం ఎల్లవ్వ రోజూ చూసేదే.

"పగలంత కూసునుడు, పొద్దుమీకి సాంచెల కాడ నిలవడుడు. ఒళ్ళు కదలకుంటే ఊపిరి సుత కదలదని మా డ్రిల్లు సారు చెప్పిండు. నాకు వేరే టైమేడిదే? బస్సు కోసం నిలవడే టైమే గీ కాళ్ళకిచ్చిన."

చదివే అయ్యలారా, అమ్మలారా, ఈ పిల్లవాణ్ణి మెచ్చుకోక ఏం చేస్తాం? వాడికి మైదానం లేదు, బూట్లు లేవు, తీరిక అసలే లేదు. అయినా ఉన్న వాగునే మైదానం చేసుకున్నాడు. తీరిక దొరికాక చూద్దాంలే అని ముసుగుతన్ని పడుకునే మనం సిగ్గుపడాలి. ఇక ఎల్లవ్వనంటారా, తప్పు ఆమెది కాదు. పరుగెత్తే కొడుకును చూసి సంబరపడాల్సిన తల్లి వణికిపోయిందంటే, తప్పు ఆ కాలానిది.

మర్నాటి నుంచి రాజేశాన్ని ఎల్లవ్వే లేపింది. భూమయ్య సణుగుతున్నా వినకుండా అతన్ని కూడా వెంట పంపింది. కొడుకు పరుగెత్తాడు. తండ్రి కొంచెం నడిచి, ఆగి, మళ్ళీ నడిచాడు.

మొగిలవ్వ బుగ్గన వేలేసుకుంది. "కొడుకు ఏడికో పోతుండని మొన్ననే ఏడ్సినవ్. ఇయ్యాల మొగన్ని సుత తోలుతున్నవా?"

ఎల్లవ్వ తునికాకు నింపాదిగా కత్తిరిస్తూ అంది.

"నా కొడుకు ఏడికి పోతలేడక్క. మా కాడ శానేండ్లు ఉండెతందుకే ఉరుకుతున్నడు."