ఫిల్ము పెట్టెలో చిన్నపుల్లయ్య

బాంబులు పేలిన ఆ చలికాలం తర్వాత కువైట్‌లో కెమెరా పట్టుకు తిరగాలంటేనే జనానికి గుండె జారిపోయేది. అహ్మదిలో భీమేశ్వరరావుతో పనిచేసే సూరిబాబు మేడమీంచి సముద్రం ఫొటో తీశాడని పోలీసులు పట్టుకెళ్లి మూడు రోజులుంచుకున్నారు. తిరిగొచ్చాక అతను ఎవరితోనూ సరిగా మాట్లాడ్డం లేదు.

భీమేశ్వరరావు దగ్గరున్నది హాసెల్‌బ్లాడ్ కెమెరా. దేశం వదిలిపోతున్న ఒక ఇంగ్లీషు ఇంజనీరు దగ్గర, రెండు లెన్సులతో సహా ఏడాది జీతం పోసి కొన్నాడు. పైనుంచి అద్దంలోకి తొంగి చూసి తీయాలి. ఫిల్ము వెనకాల విడిగా ఊడొచ్చే చిన్న పెట్టెలో ఉంటుంది, ఒక్కోదానికి పన్నెండే బొమ్మలు.

"అమ్మెయ్యండి," అంది భార్య సూర్యావతి. "మీరు డ్యూటీకెళ్లాక మెట్ల మీద బూట్ల చప్పుడైతే నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదండీ."

అతనికీ అంతే. సబ్హాన్‌లో గోడౌను నడిపే అన్వర్ బాషా కొంటానన్నాడు. గురువారం బ్యాగు తగిలించుకుని ఫింటాస్‌లో టాక్సీ ఎక్కాడు భీమేశ్వరరావు.

కెమెరాలో ఫిల్ముంది. పది బొమ్మలు తీశాడు, అన్నీ చిన్నపుల్లయ్యవే. కడప నుంచి వచ్చిన కూలీ. ఇంటికి పంపుకుంటానని కొత్త చొక్కా తొడుక్కొచ్చి నిలబడ్డాడు. ఆ తర్వాతి వారమే పరంజా మీంచి పడి చనిపోయాడు. కెమెరా అప్పజెప్పే ముందు దారిలో ఫిల్ము కడగడానికిచ్చి, బొమ్మలు అతని భార్య మద్దమ్మకి పంపాలని భీమేశ్వరరావు ఉద్దేశం. కానీ రెండు బొమ్మల్లో వెనకాల, ఫొటో తీయకూడని చమురు ట్యాంకులు పడ్డాయని అతనికి గుర్తుంది.

దారిలో చెక్‌పోస్టు దగ్గర టాక్సీ ఆపారు. ఆఫీసరు బ్యాగు తీయించి, కెమెరా అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది తెరువు."

తెరిస్తే ఫిల్ముకి వెలుగు తగులుతుంది. ట్యాంకులు మాసిపోతాయి, తను గండం నుంచి బయటపడతాడు. చిన్నపుల్లయ్యా మాసిపోతాడు. భీమేశ్వరరావు తెరవడానికే చెయ్యి చాచాడు కూడా, కానీ మధ్యలో ఆపేశాడు.

"సార్," అన్నాడు వచ్చీరాని అరబ్బీలో. "ఇందులో చచ్చిపోయిన మనిషి ఉన్నాడు. వెలుగు తగిలితే పోతాడు. చీకట్లో తెరవాలి."

ఆఫీసరు ఫిల్ము పెట్టె ఊడదీయించి, అక్కడ ఉండడానికిచ్చే ఇఖామా కార్డుతో సహా తన దగ్గరుంచుకుని, కెమెరా వెనక్కిచ్చేశాడు.

భీమేశ్వరరావు సబ్హాన్ వెళ్లలేదు. నాలుగు రోజులు ముద్ద దిగలేదు. వీధిలో జీపు ఆగితే చాలు, మొగుడూ పెళ్లాం లైటు ఆర్పేసి కూర్చునేవారు.

ఐదో రోజు స్టేషన్‌కి రమ్మని కబురొచ్చింది. ఆఫీసరు బల్ల మీద ఎనిమిది బొమ్మలు పరిచి ఉన్నాయి.

"చచ్చిపోయింది ఇతనేనా?"

"ఇతనే సార్."

మిగతా రెంటి మాట ఆఫీసరు ఎత్తలేదు, ఇతనూ అడగలేదు. ఫిల్ము పెట్టె, బొమ్మలు, ఇఖామా ముందుకు తోసి, "యల్లా, ఇక వెళ్లు," అన్నాడు ఆఫీసరు.

ఇంటికొచ్చాక సూర్యావతి ఆ బొమ్మలు ఒక్కొక్కటే చూసింది. కళ్లు తుడుచుకుంది.

"ఇంత బాగా తీస్తారు. ఉంచుకోండి, అమ్మొద్దు."

"ఇంకోసారి ఎవరైనా తెరవమంటే, ఆ మాట అనగలనన్న నమ్మకం నాకు లేదు సూర్యావతీ," అన్నాడతను.

బొమ్మలు మద్దమ్మకి రిజిస్టరు పోస్టులో పంపాడు. ఆ వారమే సబ్హాన్ వెళ్లి, రెండు లెన్సులతో సహా కెమెరా అన్వర్ బాషా చేతిలో పెట్టి, బేరమాడకుండా వచ్చేశాడు.