పడవకు హూనా, విచ్చా?

వెంకటదుర్గ కానిస్టేబుల్ పరీక్షకు పిఠాపురంలో కోచింగ్ తీసుకుంటోంది. మాదిరి పరీక్షలో ‘తుఫానులో మునిగిన పడవ’ అని అర్థమొచ్చే ఇంగ్లీషు వాక్యంలో, బోట్ పక్కన ఉన్న ఖాళీలో హూ పెట్టింది. జానకిరామ్ మాస్టారు కొట్టేశారు.

“మనుషులకే హూ అమ్మా. పడవ వస్తువు కదా, విచ్ రావాలి.”

“మా పడవ మునిగినప్పుడు నాన్న మూడు రోజులు అన్నం ముట్టలేదండి. వస్తువంటే ఎలాగండి?”

“పరీక్షలో మాత్రం విచ్చే పెట్టమ్మా,” అన్నారు మాస్టారు మెల్లగా.

తర్వాతి ప్రశ్నలో కుక్క ఉంది. దుర్గ దాన్ని ఖాళీగా వదిలేసింది.

“ప్రాణముంది కదండి, దీనికేంటండి?”

“విచ్చే. పెంపుడు కుక్కయితే కొందరు హూ కూడా రాస్తారు.”

దుర్గకు ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. రెండుచోట్లా విచ్ అని రాసింది గానీ, ఎందుకో మాత్రం అర్థం కాలేదు.